ఉదయపు నోటి పొడి: స్లీప్ ఆప్నియా లాలాజలాన్ని ఏం చేస్తుంది?

క్లుప్తంగా

నిద్రలో పదేపదే ఊపిరి ఆగిపోయే స్లీప్ ఆప్నియా ఉన్న పెద్దవారిలో నోరు ఎండిపోయి నిద్రలేవడం తరచుగా కనిపిస్తుంది. లాలాజల గ్రంథులు చెడిపోవడం దీనికి ముఖ్య కారణం కాదు. గ్రంథులు సహజంగానే మందగించే వేళలో నోటితో గాలి పీల్చడం వల్ల, మిగిలి ఉన్న కాస్త తడీ ఆరిపోతుంది. నోటి పొడితో ఆప్నియాకున్న సంబంధం స్పష్టమైనది. చిగుళ్ల వ్యాధితో సంబంధం కనిపిస్తోంది గానీ ఏది కారణమో, ఏది ఫలితమో తేలలేదు. పిప్పిపళ్లతో సంబంధానికి ఆధారాలు పలుచన. ఆప్నియాకు వాడే పరికరాలు కొందరి నోటి పొడిని తగ్గిస్తాయి, మరికొందరికి కొత్తగా తెచ్చిపెడతాయి.

## అనిపించడం వేరు, కొలవడం వేరు

ఉదయం లేచేసరికి నాలుక అంగిలికి అంటుకుపోయి ఉండటం, గొంతు గరగరలాడటం, నడిరాత్రి గుక్కెడు నీళ్ల కోసం లేవడం వంటివాటిని చాలామంది వయసు మీదనో, తక్కువ నీళ్లు తాగడం మీదనో నెట్టేస్తారు. దంతవైద్యుడి దగ్గర నోటి గురించిన ప్రశ్నలే వస్తాయి, గురక సంగతి రాదు. గురక గురించి వెళ్లిన చోట పళ్ల సంగతి రాదు. నోటిని ఒక శాఖకూ, ఊపిరిని మరో శాఖకూ పంచేయడం వల్ల వచ్చిన చిక్కు ఇది.

నోటి పొడికి వైద్యంలో రెండు వేర్వేరు పేర్లున్నాయి. నోరు ఎండినట్టు మనిషికి అనిపించడం జీరోస్టోమియా. గ్రంథుల నుంచి లాలాజలం ఊరడం కొలతలో తగ్గడం హైపోశాలివేషన్. ఈ రెండూ కలిసే రావాలని లేదు. లాలాజలం తగినంత ఊరుతున్నా నోరు ఎండినట్టు ఉండవచ్చు. ఊట చాలా తగ్గినా కొందరికి తెలియకపోవచ్చు. సాధారణంగా ఒక మనిషిలో తన మామూలు ఊట సగానికి పడిపోయాక గానీ పొడి తెలిసిరాదు. స్లీప్ ఆప్నియా విషయంలో జరిగే గందరగోళంలో ఎక్కువ భాగం ఈ రెండింటినీ ఒకటిగా చూడటం వల్ల వచ్చిందే.

## రాత్రివేళ నోటి కాపలా

పెద్దవారిలో లాలాజలం రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఊరుతుంది. చెవుల ముందు, దవడ కింద, నాలుక కింద ఉండే మూడు జతల పెద్ద గ్రంథులు, పెదవుల లోపలా బుగ్గల్లోనూ అంగిలిలోనూ చెదిరి ఉండే వందలాది చిన్న గ్రంథులు దీన్ని తయారుచేస్తాయి. ఇందులో 99 శాతం నీరే. పని చేసేది మాత్రం మిగిలిన ఒక్క శాతం. అందులోని బైకార్బనేట్ నోటిలోని ఆమ్లాన్ని విరుస్తుంది. కాల్షియం, ఫాస్ఫేట్ పంటి పైపొరకు జరిగిన నష్టాన్ని పూడుస్తాయి. లైసోజైమ్, లాక్టోఫెరిన్, ఐజీఏ ప్రతిరక్షకాలు సూక్ష్మజీవులను అదుపులో ఉంచుతాయి. మ్యూసిన్ అనే జిగురు ప్రోటీన్లు నోటి లోపలి చర్మాన్ని తడిపొరతో కప్పి ఒరుసుకుపోకుండా చూస్తాయి.

మెలకువగా, ఏమీ నమలకుండా కూర్చున్న మనిషిలో నిమిషానికి సగటున 0.3 నుంచి 0.4 మిల్లీలీటర్ల లాలాజలం ఊరుతుంది. అది 0.1 మిల్లీలీటరు కంటే తగ్గితే వైద్యులు దాన్ని లోపంగా పరిగణిస్తారు. నిద్రలో ఆరోగ్యవంతుడికి కూడా ఊట ఆ స్థాయికో, అంతకంటే దిగువకో పడిపోతుంది. చెవుల ముందుండే గ్రంథులైతే దాదాపు పని ఆపేస్తాయి. అంటే పగటిపూట రోగమని లెక్కించే స్థాయి రాత్రిపూట ప్రతి ఒక్కరికీ మామూలే. లాలాజలపు ఊట గడియారాన్ని అనుసరించి ఎలా హెచ్చుతగ్గులకు లోనవుతుందో లాలాజల పరిశోధకుడు కాలిన్ డావ్స్ 1972లోనే కొలిచి చూపారు.

తగ్గేది ఊట ఒక్కటే కాదు. మెలకువలో దాదాపు నిమిషానికోసారి జరిగే మింగడం నిద్రలో గంటకు కొద్దిసార్లకు పడిపోతుంది. నాలుక, బుగ్గల కదలిక కూడా ఉండదు కాబట్టి లాలాజలం నోరంతా పరుచుకోదు. ఊట నెమ్మదించినప్పుడు అందులోని బైకార్బనేట్ గాఢత కూడా తగ్గుతుంది కనుక ఆమ్లాన్ని విరిచే శక్తి రెండు విధాలా నష్టపోతుంది: ద్రవం తక్కువ, ఉన్న ద్రవంలో బలమూ తక్కువ. రాత్రి పడుకునే ముందు పళ్లు తోముకోమని దంతవైద్యులు పట్టుబట్టడానికి కారణం ఇదే. ఆ తర్వాత కొన్ని గంటలపాటు నోటికి కాపలా చాలా పలుచన.

ముక్కుతో ఊపిరి పీల్చే మనిషికి ఈ పలుచని కాపలా చాలు. పెదవులు మూసి ఉంటే నోటిలో గాలి కదలదు, తడి ఎక్కడికీ పోదు. ఆప్నియా ఉన్న నోటిలో ఈ ఏర్పాటు చెదిరిపోతుంది.

## ఊపిరి ఆగినప్పుడు జరిగేది

నిద్రలో గొంతు వెనుక కండరాలు సడలి, గాలి దారి మూసుకుపోయి, కనీసం 10 సెకన్ల పాటు ఊపిరి ఆగిపోవడాన్ని ఆప్నియా అంటారు. దారి పూర్తిగా మూసుకోకుండా ఇరుకై గాలి తగ్గితే అది హైపాప్నియా. ఈ రెండూ కలిపి గంటకు ఎన్నిసార్లు జరిగాయన్నది వ్యాధికి కొలమానం. గంటకు 5 నుంచి 15 లోపు ఉంటే స్వల్పం, 15 నుంచి 30 లోపు మధ్యస్థం, 30కి చేరితే తీవ్రం. 2019లో వెలువడిన ఒక అంచనా ప్రకారం ప్రపంచంలో 30 నుంచి 69 ఏళ్ల వయసున్న వారిలో 93.6 కోట్ల మందికి ఏదో ఒక స్థాయిలో ఈ సమస్య ఉంది, వారిలో 42.5 కోట్ల మందిది మధ్యస్థం లేదా తీవ్రం.

ఊపిరి ఆగిన ప్రతిసారీ రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది, మెదడు ఉలిక్కిపడి క్షణకాలం మేల్కొంటుంది, మనిషి పెద్ద శబ్దంతో గాలి మింగినట్టు పీలుస్తాడు. ఆ పీల్చడం చాలాసార్లు నోటితోనే. ముక్కు దూలం వంకర, అలర్జీ, దిబ్బడ ఉన్నవారిలో నోరు మొదటి నుంచీ తెరిచే ఉంటుంది. అయితే నోరు తెరవడం సమస్యకు పరిష్కారం కాకపోగా దాన్ని పెంచుతుంది. దవడ కిందికి జారితే దానితోపాటు నాలుక మొదలు కూడా వెనక్కి జరిగి, గొంతు దగ్గరి దారి మరింత ఇరుకవుతుంది. గాలి అందక నోరు తెరిస్తే, నోరు తెరవడం వల్ల గాలి ఇంకా అందదు.

ముక్కు చేసే పనిని నోరు చేయలేదు. ముక్కు లోపలి పొరలు పీల్చిన గాలిని వెచ్చబెట్టి, తడిపి ఊపిరితిత్తులకు పంపుతాయి. బయటికి వచ్చే గాలిలోని తడిని కొంత తిరిగి పట్టుకుంటాయి. నోటితో పీల్చినప్పుడు ఆ తడిని ఇవ్వాల్సింది నాలుక, అంగిలి, చిగుళ్ల మీద ఉన్న లాలాజలపు పలుచని పొరే. పైగా గురకతో గాలి వేగంగా దూసుకుపోతుంది. రాత్రంతా తక్కువగా ఊరే ద్రవం మీదుగా పొడిగాలి గంటల తరబడి వీస్తుంటే ఏమవుతుందో ఊహించడానికి పెద్ద లెక్కలు అక్కర్లేదు.

## తక్కువ ఊరడమా, ఆరిపోవడమా?

ఆప్నియా ఉన్నవారిలో గ్రంథులు కూడా తక్కువగా పనిచేస్తాయా అన్నది వేరే ప్రశ్న. చేయవచ్చు అనడానికి ఒక కారణం ఉంది. లాలాజలపు ఊటను నడిపేది స్వయంచాలక నాడీవ్యవస్థ. అందులో విశ్రాంతికి సంబంధించిన పారాసింపథెటిక్ విభాగం నీళ్లలాంటి, సమృద్ధమైన లాలాజలాన్ని రప్పిస్తుంది. ప్రమాద సమయంలో పైచేయి అయ్యే సింపథెటిక్ విభాగం ప్రోటీన్లు ఎక్కువగా ఉన్న, చిక్కటి లాలాజలానికి దారితీస్తుంది. భయపడినప్పుడు నోరు పిడచకట్టడం అందరికీ అనుభవమే. ఆప్నియాలో రాత్రంతా ఈ ప్రమాద సంకేతం మళ్లీమళ్లీ మోగుతుంది కాబట్టి, లాలాజలం మొత్తంలోనూ గుణంలోనూ మారే అవకాశం ఉంది.

ఇది సబబైన వివరణే. కానీ ఆప్నియా ఉన్నవారి లాలాజలాన్ని పగటిపూట కొలిచిన అధ్యయనాల ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగవు. కొన్నింటిలో ఊట తగ్గినట్టు తేలితే, మరికొన్నింటిలో ఆరోగ్యవంతులతో పోల్చితే తేడా లేదు. పగలు కొలిస్తే రాత్రి జరిగేది తెలియదన్న ఇబ్బంది ఒకటి, ఈ రోగుల్లో చాలామంది ఊటను తగ్గించే మందులు వాడుతుండటం రెండోది.

నోటి పొడి అనుభూతిని అడిగి తెలుసుకున్న అధ్యయనాలు మాత్రం ఒకే వైపు చూపుతున్నాయి. 2006లో ప్రచురితమైన ఒక పరిశీలనలో కేవలం గురక ఉన్నవారితో పోల్చితే, ఆప్నియా ఉన్నవారిలో ఉదయపు నోటి పొడి దాదాపు రెండింతలు కనిపించింది. వ్యాధి తీవ్రత పెరిగేకొద్దీ ఆ సంఖ్య పెరుగుతూ పోయి, తీవ్ర స్థాయిలో ప్రతి పదిమందిలో నలుగురికి చేరింది. ఊట గురించి తడబడే ఆధారాలు, పొడి గురించి నిలకడగా ఉండటం ఒక విషయాన్ని సూచిస్తుంది. ఇక్కడ కొరత ఎక్కువగా తయారీలో కాదు, నిల్వలో. కుండలో నీళ్లు పోయడం తగ్గలేదు. మూత తీసి ఎండలో పెట్టారు.

ఈ తేడాను గమనిస్తే వైరుధ్యంగా కనిపించే మరో లక్షణం కూడా అర్థమవుతుంది. ఆప్నియా ఉన్న కొందరి దిండు ఉదయానికి చొల్లుతో తడిసి ఉంటుంది. నోరు ఎండిపోయే జబ్బులో చొల్లు కారడం ఏమిటన్న సందేహం సహజం. చొల్లు కారితే లాలాజలం ఎక్కువైందని కాదు. మింగడం అరుదై, నోరు తెరిచి, పక్కకు తిరిగి పడుకున్నప్పుడు ఊరిన కాస్త ద్రవం కూడా లోపల నిలవక పెదవి మూల నుంచి జారిపోతుంది. దిండు తడవడం, నోరు ఎండటం ఒకే తెరిచిన నోటి ఫలితాలు.

## పంటి మీద పడే ప్రభావం

పీహెచ్ అనేది ఆమ్లత్వాన్ని చెప్పే కొలత; 7 నుంచి కిందికి దిగేకొద్దీ ఆమ్లం ఎక్కువని అర్థం. పంటి పైపొర అయిన ఎనామిల్, నోటిలో పీహెచ్ సుమారు 5.5 కంటే దిగినప్పుడు కరగడం మొదలుపెడుతుంది. చిగురు దిగిపోయి బయటపడిన వేరు భాగంలోని డెంటిన్, అంటే ఎనామిల్ కింద ఉండే పొర, మరింత సున్నితం. అది 6 దాటిన పీహెచ్ దగ్గరే ఖనిజాన్ని కోల్పోతుంది. వయసు మీదపడినవారిలో చిగుళ్లు దిగి ఉండటం, ఆప్నియా ఎక్కువగా కనిపించడం రెండూ కలిసివస్తాయి కాబట్టి ఈ రెండో సంఖ్యను చిన్నచూపు చూడకూడదు.

నోటితో పీల్చడం వల్ల రాత్రిపూట పీహెచ్ నిజంగా మారుతుందా అని న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రచురించిన ప్రయోగంలో పరీక్షించారు. పదిమంది ఆరోగ్యవంతులకు కొన్ని రాత్రులు ముక్కు మూసే క్లిప్పు పెట్టి, నోటిలో పీహెచ్ కొలిచే చిన్న పరికరాన్ని అమర్చారు. మామూలు రాత్రుల్లో సగటు పీహెచ్ 7.0 ఉండగా, నోటితో పీల్చిన రాత్రుల్లో 6.6కు తగ్గింది. కొన్ని సందర్భాల్లో 3.6 దాకా పడిపోయింది. ఈ కొలతలు పదిమందివే, వారికి ఆప్నియా లేదు, క్లిప్పు పెట్టుకుని నిద్రపోవడం సహజమూ కాదు. సగటు తగ్గుదల కూడా చిన్నదే. అయినా పంటికి హాని చేసేది సగటు కాదు, అప్పుడప్పుడూ వచ్చే ఆ లోతైన పతనాలు.

ఇంత తర్కం ఉన్నా, ఆప్నియా ఉన్నవారికి పిప్పిపళ్లు తప్పకుండా ఎక్కువ అని చెప్పగల బలమైన ఆధారాలు పోగుపడలేదు. అధ్యయనాల ఫలితాలు అటూఇటూ ఉన్నాయి. పన్ను పుచ్చిపోవడానికి పొడి నోరు ఒక్కటే చాలదు. చక్కెర, దాన్ని ఆమ్లంగా మార్చే సూక్ష్మజీవులు, సమయం కూడా కావాలి. తీపి తక్కువగా తినే, ఫ్లోరైడ్ పేస్టుతో శ్రద్ధగా తోముకునే మనిషికి రాత్రి నోరు ఎండినా పళ్లు నిలవవచ్చు. తీపి పానీయం తాగి తోముకోకుండా పడుకునేవారికి అదే పొడి చాలా నష్టం చేస్తుంది. నోటి పొడిని నేరుగా పళ్లను పుచ్చించే కారణంగా కాక, ఉన్న అలవాట్ల నష్టాన్ని హెచ్చించే అంశంగా చూడటమే సబబు.

కడుపులోని ఆమ్లం పైకి తన్నడం దీనికంటే నేరుగా పంటిని తాకుతుంది. మూసుకుపోయిన గాలి దారికి ఎదురుగా ఛాతీ బలంగా గాలి లాగినప్పుడు లోపల ఒత్తిడి బాగా తగ్గి, కడుపులోని ద్రవం అన్నవాహికలోకి ఎగదట్టే వీలు కలుగుతుంది. స్థూలకాయం ఈ రెండు సమస్యలకూ ఉమ్మడి మూలం కాబట్టి ఏది ఎంత కారణమో విడదీయడం కష్టం. ఏ కారణంతో వచ్చినా, పగలైతే ఆ ఆమ్లాన్ని లాలాజలం కడిగి, మింగడం ద్వారా కిందికి పంపేస్తుంది. రాత్రి ఆ రెండూ లేవు. పై ముందుపళ్ల లోపలి వైపు, అంటే నాలుక తగిలే వైపు, నునుపుగా అరిగిపోయి పసుపు రంగు డెంటిన్ కనిపిస్తుంటే దంతవైద్యులు ముందుగా కడుపు ఆమ్లాన్నే అనుమానిస్తారు.

ఆమ్లంతో మెత్తబడిన పంటికి నిద్రలో పళ్లు కొరకడం తోడైతే అరుగుదల వేగం పెరుగుతుంది. ఊపిరి ఆగి మెదడు మేల్కొనే క్షణాల్లో దవడ కండరాలు బిగుసుకోవడం కొందరిలో నమోదైంది. అలాగని పళ్లు కొరికే ప్రతివారికీ ఆప్నియా ఉండదు, ఆప్నియా ఉన్న ప్రతివారూ పళ్లు కొరకరు. జాగ్రత్తపడాల్సింది మరోచోట. పళ్లు అరగకుండా పై పళ్లకు మాత్రమే తొడిగే సాధారణ రక్షణ తొడుగు, ఒక చిన్న అధ్యయనంలో ఆప్నియా ఉన్న కొందరి ఊపిరి సమస్యను పెంచింది. కాబట్టి గురక సంగతి అడగకుండా తొడుగు చేసి ఇవ్వడం తొందరపాటు అవుతుంది.

## చిగుళ్లు: సంబంధం ఉంది, తీర్పు లేదు

వార్తల్లో ఎక్కువగా కనిపించే వాదన, ఆప్నియా వల్ల చిగుళ్ల వ్యాధి వస్తుందన్నది. పలు దేశాల్లో జరిగిన పరిశీలనలనూ వాటిని కలిపి చూసిన సమీక్షలనూ గమనిస్తే, ఆప్నియా ఉన్నవారిలో పీరియోడాంటైటిస్, అంటే పంటిని పట్టి ఉంచే ఎముక దాకా వెళ్లిన చిగుళ్ల వ్యాధి, ఎక్కువగా కనిపిస్తున్న మాట నిజమే. దానికి రెండు మార్గాలు చెబుతారు.

మొదటిది నోటిలోపలి మార్గం. ఎండిన చిగుళ్ల మీద పాచి గట్టిగా అతుక్కుంటుంది, లాలాజలంలోని రక్షక ప్రోటీన్లు అక్కడికి చేరవు. నోటితో పీల్చేవారిలో ముందుపళ్ల చిగుళ్లు ఎర్రగా ఉబ్బి ఉండటం దంతవైద్యులకు పాత పరిచయమే. రెండోది శరీరమంతటి మార్గం. ఆక్సిజన్ రాత్రంతా పడుతూ లేస్తూ ఉంటే కణజాలంలో ఆక్సీకరణ ఒత్తిడి పెరుగుతుంది. వాపును నడిపించే ఐఎల్-6, టీఎన్ఎఫ్-ఆల్ఫా వంటి రసాయనాలు రక్తంలో పెరుగుతాయి. చిగుళ్ల వ్యాధి కూడా ఇలాంటి వాపు రసాయనాలతోనే ఎముకను తినేస్తుంది. ఒకే మంటకు రెండు వైపుల నుంచి కట్టెలు పడుతున్నాయన్నది ఈ వాదన సారాంశం.

ఇందులో అడ్డుపడే విషయం, రెండు జబ్బులకూ ఉమ్మడిగా ఉన్న చుట్టాలు చాలామంది. వయసు, మగవారు కావడం, పొగతాగడం, మధుమేహం, స్థూలకాయం అటు ఆప్నియాలోనూ, ఇటు చిగుళ్ల వ్యాధిలోనూ కనిపిస్తాయి. ఒకరికి ఈ ఐదూ ఉంటే, రెండు జబ్బులూ ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ లేకుండానే పక్కపక్కన చేరవచ్చు. అధ్యయనాలు వీటిని లెక్కలో సరిచేయడానికి ప్రయత్నిస్తాయి, కానీ ఎక్కువ భాగం ఒకే సమయంలో రెండింటినీ కొలిచినవి. ముందు ఏది వచ్చిందో వాటికి తెలియదు. కారణం నిజంగా ఆప్నియాయే అయితే, దానికి చికిత్స చేసినప్పుడు చిగుళ్లు మెరుగుపడాలి. అలా మెరుగుపడతాయని నిలకడగా చూపిన పెద్ద ప్రయోగాలు లేనంతవరకూ, ఆప్నియాకు చికిత్స చేస్తే చిగుళ్లు వాటంతట అవే బాగుపడతాయని ఎవరికీ హామీ ఇవ్వలేం. చిగుళ్లకు గార తీయించడం, శుభ్రత అనే మామూలు చికిత్స తప్పదు.

## దుర్వాసన, నోటిపూత, కట్టుడు పళ్లు

తడి తగ్గిన నోటిలో నాలుక వెనుక భాగాన గాలి లేకుండా బతికే సూక్ష్మజీవులు ప్రోటీన్లను విడగొట్టి గంధకపు వాయువులను వదులుతాయి. ఉదయపు దుర్వాసన అందరికీ ఉన్నదే అయినా, నోటితో పీల్చేవారిలో అది ఎక్కువసేపు నిలుస్తుంది. క్యాండిడా అనే ఫంగస్ తెల్లటి పూతగానో, ఎర్రటి మంటగానో, పెదవి మూలల్లో చీలికలుగానో బయటపడవచ్చు.

కట్టుడు పళ్లు వాడేవారి పరిస్థితి కాస్త తిరకాసుగా ఉంటుంది. పూర్తి పళ్ల సెట్టు అంగిలికి పట్టి ఉండటానికి లాలాజలపు పలుచని పొరే జిగురులా పనిచేస్తుంది. అది ఆరితే సెట్టు వదులై ఒరుసుకుంటుంది. ఫంగస్ పెరగకుండా రాత్రి సెట్టు తీసి పెట్టమని దంతవైద్యులు చెబుతారు. కానీ పళ్లు లేని నోటిలో దవడ మూసుకుపోయి నాలుక వెనక్కి జారడం వల్ల కొందరిలో సెట్టు తీసినప్పుడు ఆప్నియా ఎక్కువైనట్టు పరిశీలనలు ఉన్నాయి. మరికొన్నింటిలో అలాంటి తేడా కనిపించలేదు. అందరికీ ఒకే సలహా ఇక్కడ పనికిరాదు.

## మందుల వాటా

ఆప్నియా ఉన్నవారిలో రక్తపోటు, మధుమేహం, కుంగుబాటు తరచుగా కలిసి ఉంటాయి. వాటికి వాడే కొన్ని మందులు, ముఖ్యంగా మూత్రం ఎక్కువగా పోయించేవి, కుంగుబాటు మందులు, వాటితోపాటు అలర్జీ మాత్రలు లాలాజలాన్ని తగ్గిస్తాయి. నియంత్రణలో లేని మధుమేహం స్వయంగా నోటిని ఎండబెడుతుంది. కాబట్టి ఒకే మనిషిలో ఊట తగ్గడమూ, ఊరింది ఆరడమూ కలిసి ఉండవచ్చు. ఆప్నియాకే మాత్ర కనిపెట్టే ప్రయత్నాల్లో పరీక్షించిన ఒక మందుల జంటలో ఆక్సీబ్యుటినిన్ ఒకటి కావడం గమనించదగ్గది. మూత్రాశయ సమస్యలకు చాలాకాలంగా వాడుతున్న ఆ మందుకు బాగా తెలిసిన దుష్ప్రభావం నోరు ఎండిపోవడమే.

## చికిత్స వెంట వచ్చే పొడి

ముక్కు మీద మాస్కు పెట్టి, స్థిరమైన ఒత్తిడితో గాలి పంపి గొంతు దారిని తెరిచి ఉంచే సీప్యాప్ పద్ధతిని ఆస్ట్రేలియా వైద్యుడు కాలిన్ సల్లివన్ 1981లో ప్రపంచానికి పరిచయం చేశారు. ఇప్పటికీ మధ్యస్థ, తీవ్ర ఆప్నియాకు మొదటి చికిత్స ఇదే. దీని వల్ల నోరు ఎండిపోతోందని యంత్రాన్ని మూల పెట్టేసినవారు తక్కువేమీ కాదు. కానీ నోటి పొడి విషయంలో సీప్యాప్ రెండు విరుద్ధమైన పనులు చేస్తుంది. నోరు మూసుకుని, ముక్కుతో గాలి హాయిగా వెళ్తున్నవారికి అది పాత పొడిని తగ్గిస్తుంది, ఎందుకంటే నోటితో పీల్చాల్సిన అవసరమే పోతుంది. నోరు తెరిచే అలవాటు పోనివారికి మాత్రం ముక్కులోంచి లోపలికి వెళ్లిన గాలి నోటి గుండా ధారగా బయటికి వచ్చేస్తుంది. రాత్రంతా ఒకే దిశలో సాగే ఈ గాలి ముక్కు పొరలనూ ఎండబెట్టి దిబ్బడ కలిగిస్తుంది. దిబ్బడ వల్ల నోరు మరింత తెరుచుకుంటుంది.

ఈ లీకును పట్టించుకోకుండా నీళ్లు తాగడం, నోటి స్ప్రేలు వాడటం పైపై ఉపశమనమే. గాలిని వెచ్చబెట్టి తడిపే హ్యూమిడిఫయర్‌ను వాడటం, ముక్కు దిబ్బడకు చికిత్స, మాస్కు సైజు సరిచూడటం, అవసరమైతే నోటినీ కలిపి మూసే మాస్కుకు మారడం కారణం దగ్గరికి వెళ్లే మార్గాలు. యంత్రం నమోదు చేసే లీకు అంకెలను చూస్తే నోటి పొడికి మూలం యంత్రమా, మరొకటా అన్నది చాలావరకు తెలిసిపోతుంది.

కింది దవడను కాస్త ముందుకు జరిపి పట్టి ఉంచే నోటి పరికరం రెండో మార్గం. స్వల్ప, మధ్యస్థ ఆప్నియాకూ, సీప్యాప్ పడనివారికీ దీన్ని సూచిస్తారు. నోటిలో కొత్త వస్తువు పడగానే గ్రంథులు దాన్ని ఆహారంగా భావించినట్టు స్పందించి మొదటి వారాల్లో లాలాజలం పొంగుతుంది; పెదవులు పూర్తిగా మూసుకోనివారికి అదే పరికరంతో నోరు ఎండుతుంది. ఏళ్ల తరబడి వాడితే పై కింది పళ్లు కలిసే తీరు మెల్లగా మారుతుంది. దవడ కీలు నొప్పి కొందరిలో వస్తుంది. ఈ పరికరం పళ్లనే ఆసరాగా తీసుకుని దవడను లాగుతుంది కాబట్టి, చిగుళ్ల వ్యాధితో పళ్లు కదులుతున్నవారికీ, తగినన్ని పళ్లు లేనివారికీ దీన్ని ఇవ్వలేరు. నోటి ఆరోగ్యం దెబ్బతింటే ఊపిరికి ఉన్న చికిత్సల్లో ఒకటి చేజారుతుందన్నమాట. ఆప్నియా నోటికి ఏం చేస్తుందన్న ప్రశ్నకు దక్కినంత చర్చ, నోరు ఆప్నియా చికిత్సకు ఏం చేస్తుందన్న ఈ రెండో ప్రశ్నకు దక్కలేదు.

## సంబంధం తిరుగుదారిలోనూ

లాలాజలం నోటికే పరిమితం కాదు, గొంతు వెనుక గోడలను కూడా తడుపుతుంది. ఆ తడిపొర జిగటగా మారితే, ఒకసారి అంటుకున్న గోడలు విడిపోవడానికి ఎక్కువ బలం కావాలి. తడి రెండు గాజు పలకలను విడదీయడానికీ, జిగురు పూసిన పలకలను విడదీయడానికీ ఉన్న తేడాలాంటిది ఇది. గొంతులోని ద్రవపు తలతన్యతను తగ్గించే పదార్థాలను కొద్ది మోతాదులో వేసి చూసిన చిన్న ప్రయోగాల్లో ఊపిరి ఆగే సంఖ్య కొంత తగ్గింది. లాలాజల, కన్నీటి గ్రంథుల మీద శరీర రక్షణ వ్యవస్థే దాడి చేసే షోగ్రెన్ జబ్బు ఉన్నవారిలో ఆప్నియా ఎక్కువగా ఉన్నట్టు కూడా గమనించారు. అంటే నోటితో పీల్చడం వల్ల వచ్చిన పొడి, గొంతును ఇంకా తేలిగ్గా అంటుకుపోయేలా చేసి, ఆప్నియాను తిరిగి పెంచే అవకాశం ఉంది. ఇది చికిత్సగా మారేంత దూరం వెళ్లలేదు.

## నోటికి టేపు వేసుకోవచ్చా?

నోరు తెరవడమే సమస్య అయితే దాన్ని మూసేస్తే సరిపోతుందన్న ఆలోచనతో పెదవులకు టేపు అంటించుకునే పద్ధతి సామాజిక మాధ్యమాల్లో బాగా వ్యాపించింది. పై వివరణను పైపైన చదివితే ఇది సబబుగానే తోస్తుంది. కానీ ముక్కు దిబ్బడ ఉన్న మనిషికి నోరు చివరి దారి. ఆ దారిని మూయడం ఊపిరాడని స్థితికి దారితీయవచ్చని 2025లో వెలువడిన ఒక సమీక్ష హెచ్చరించింది. దీనికి ఉన్న ఆధారాలు కూడా కొద్దిమంది మీద చేసిన చిన్న అధ్యయనాలేనని చెప్పింది. నోరు తెరుచుకోవడం చాలామందిలో ఇరుకైన ముక్కుకూ, మూసుకుపోతున్న గొంతుకూ శరీరం ఇచ్చే జవాబు. కారణాన్ని చూడకుండా జవాబును ఆపడం ప్రమాదకరం.

## దంతవైద్యుడి కుర్చీలో కనిపించే ఆనవాళ్లు

ఆప్నియా ఉన్నవారిలో చాలామందికి తమకు అది ఉందని తెలియదు. దంతవైద్యుడు మాత్రం వారి నోటిని ఆరు నెలలకో, ఏడాదికో చూస్తుంటాడు. నాలుక అంచుల మీద పళ్ల ముద్రలు, ఎత్తైన ఇరుకు అంగిలి, వెనక్కి ఉన్న కింది దవడ, పెద్ద టాన్సిల్స్, గురక తాకిడికి ఎర్రబడి సాగిన కొండనాలుక, అరిగిన పళ్లు, ఎండిన చిగుళ్లు వంటివి విడివిడిగా ఏమీ నిరూపించవు, కలిసి కనిపిస్తే మాత్రం అడగాల్సిన ప్రశ్నలు ఉన్నాయని చెబుతాయి. గురక, పగటి అలసట, ఊపిరి ఆగడాన్ని ఇతరులు చూడటం, రక్తపోటు, బరువు, వయసు, మెడ చుట్టుకొలత, స్త్రీయా పురుషుడా అన్న ఎనిమిది అంశాలతో 2008లో వచ్చిన స్టాప్-బ్యాంగ్ ప్రశ్నావళి ఐదు నిమిషాల పని. 2017లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ ఆప్నియా అనుమానం ఉన్నవారిని గుర్తించే బాధ్యతను తమ వృత్తివారికి విధానంగానే ప్రకటించింది. వ్యాధిని నిర్ధారించడం మాత్రం నిద్ర పరీక్షతో, వైద్యుడి చేతిలో జరగాల్సిందే.

పొడి ఎప్పుడు వస్తోందన్నది రోగి స్వయంగా గమనించగల మంచి ఆధారం. లేచిన గంటలోపు తగ్గిపోయి, పగలంతా నోరు మామూలుగా ఉంటే, అనుమానం ముక్కు, గురక, ఆప్నియాల వైపు వెళ్లాలి. పగలు కూడా పొడిగానే ఉండి, అన్నం మింగడానికి నీళ్లు కావాల్సి వస్తే, కళ్లు కూడా మండుతుంటే, ఆప్నియాకు చికిత్స సరిగ్గా సాగుతున్నా నోరు అలాగే ఉంటే, అప్పుడు చూడాల్సింది గ్రంథుల పనితీరు, వాడుతున్న మందులు, మధుమేహం, షోగ్రెన్ జబ్బు. మొదటి రకానికి ముక్కూ గొంతూ చూసే వైద్యుడు, రెండో రకానికి లాలాజలపు ఊటను కొలిచే పరీక్ష అవసరమవుతాయి.